పేట జనం మాటా, ఆబ్కారీ లెక్కా

మద్యపానం గురించి తెలుగులో వచ్చిన రచనలు తక్కువేమీ కావు. తాగి వచ్చి పెళ్ళాన్ని కొట్టే మొగుడు, పుస్తెలు తాకట్టు పెట్టిన కూలివాడు, చివరి పేరాలో కళ్ళు తెరిచే కొడుకు – వీళ్ళు లేని కథాసంపుటి దొరకటం కష్టం. అయితే ఆ మొగుడు తాగి వచ్చిన దుకాణం ఆ వీధిలోకి ఎట్లా వచ్చింది, ఎవరు పాడుకుంటే వచ్చింది, ఏ అధికారి సంతకం పెడితే వచ్చింది అని అడిగిన కథలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. తాగుబోతు మన సాహిత్యంలో పాత్ర అయ్యాడు. లైసెన్సు మాత్రం వస్తువు కాలేదు.

గురజాడ 'కన్యాశుల్కం'లో సారా దుకాణం రంగం వుంది. అక్కడి బైరాగి మాటలకు మనం నూరేళ్ళకు పైగా నవ్వుకుంటూనే వున్నాం. విమర్శకులం ఆ రంగాన్ని హాస్యానికో, దొంగ వేషాల గుట్టు బయటపెట్టటానికో ఉదాహరణగా చూపి ముందుకు వెళ్ళిపోయాం. ఆ దుకాణం వెనక మద్రాసు ఆబ్కారీ చట్టం వుందనీ, నాటకం రంగస్థలం ఎక్కేనాటికే మన దేశంలోని సారా దుకాణాల గురించి లండను పార్లమెంటులో వోటింగు జరిగిందనీ గుర్తు చేసుకుంటే ఆ హాస్యానికి వచ్చే నష్టమేమీ లేదు.

మద్యం మంచిదా చెడ్డదా అనే చర్చలోకి నేనిక్కడ పోవటం లేదు. ఆ చర్చ ధర్మబోధకులకు అలవాటైనది. వాళ్ళు దాన్ని ఇంకా చాలాకాలం చేస్తారు. ఒక పేటలో కొత్త దుకాణం రావాలా వద్దా, వస్తే ఎక్కడ రావాలి అనే నిర్ణయం ఎవరి చేతిలో వుంది, వాళ్ళ చేతిలోకి ఎట్లా వెళ్ళింది అన్నదే నా ప్రశ్న. ఇది చారిత్రక ప్రశ్న. దీన్ని పక్కన పెట్టి ఎంత మద్యవ్యతిరేక సాహిత్యం సృష్టించినా అది మొగుణ్ణి తిట్టటంతోనే ఆగిపోతుంది.

మన ప్రాంతంలో ఈ చరిత్ర తాగుడు వద్దన్న ఉద్యమంతో మొదలు కాలేదు. 1879లో రంప మన్యంలో తిరుగుబాటు చెలరేగింది. మన్సబుదారు దోపిడీ, చిగురుపన్ను, కొత్త ఆబ్కారీ నిబంధనలు – ఈ మూడూ కలిసి నిప్పు రాజేశాయి. కొండవాళ్ళు తమ చెట్టు తాము గీసుకుని తమ ఇంట్లో తాము తాగే కల్లు మీద పన్ను పడింది. ఆ పన్ను వసూలు మైదానప్రాంతపు గుత్తదారులకు అప్పజెప్పారు. కల్లు గీసుకునే హక్కు కోసం తిరగబడ్డ ఆ కొండవాళ్ళకూ, సారా దుకాణం ఎత్తెయ్యమని 1992లో తిరగబడ్డ నెల్లూరు జిల్లా స్త్రీలకూ ఏ సంబంధమూ లేదని పైపైన చూసేవాళ్ళకు తోచవచ్చు. ఒకరు కల్లు కావాలన్నారు, మరొకరు సారా వద్దన్నారు కదా! కాని ఇద్దరూ అడిగింది ఒకటే. మా ఊళ్ళో ఏముండాలో, ఏముండకూడదో బయటి గుత్తదారూ, వాడి వెనక వున్న సర్కారూ ఎట్లా నిర్ణయిస్తారని. మద్యవ్యతిరేక చరిత్రను నీతి చరిత్రగా రాసినవాళ్ళకు రంప తిరుగుబాటు ఎక్కడ ఇమడ్చాలో తెలియకపోవటానికి కారణం ఇదే.

1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. తయారుచేసే హక్కు, అమ్మే హక్కు సర్కారువి. దాని దగ్గర కొనుక్కున్నవాడు తప్ప మరొకడు అమ్మరాదు. ఇట్లా చేయటం వల్ల తాగుడు అదుపులో వుంటుందని తెల్లదొరల వాదం. ఆచరణలో జరిగింది వేరు. పాట పెద్దమొత్తానికి పాడుకున్నవాడు ఆ మొత్తం రాబట్టుకోవాలి. రాబట్టుకోవాలంటే దుకాణం జనం రాకపోకలున్న చోట వుండాలి. సంత దారి, మిల్లు గేటు, కూలీల పేట – ఇవే దుకాణానికి అనువైన స్థలాలుగా తేలటంలో ఆశ్చర్యమేమీ లేదు. చోటును ఎంచింది వేలం పాటే.

1889 ఏప్రిల్‌లో బ్రిటిష్ కామన్స్ సభలో శామ్యూల్ స్మిత్ అనే సభ్యుడు భారత ప్రభుత్వ ఆబ్కారీ విధానాన్ని ఖండిస్తూ తీర్మానం పెట్టాడు. దాన్ని బలపరిచిన కెయిన్ ఈ దేశంలో తిరిగి మద్యనిరోధ సంఘాలు నెలకొల్పినవాడు. 113 మంది అనుకూలంగా, 103 మంది వ్యతిరేకంగా వోటు చేయగా తీర్మానం నెగ్గింది. దానికి జవాబుగా భారత ప్రభుత్వం 1890 ఫిబ్రవరి 4న ఒక లేఖ పంపింది. అందులో తన విధానాన్ని నాలుగు సూత్రాలుగా చెప్పుకుంది. పన్ను వీలైనంత ఎక్కువగా వుండాలి. వ్యాపారం నిబంధనలకు లోబడాలి. దుకాణాల సంఖ్య వీలైనంత పరిమితం కావాలి. నాలుగోది మనకు ముఖ్యమైనది: స్థానికుల అభిప్రాయం ఏమిటో తెలుసుకోవటానికి ప్రయత్నించాలి, తెలిసిన మీదట దాన్ని పరిగణనలోకి తీసుకోవాలి.

ఈ నాలుగో సూత్రాన్ని నేను చాలాసార్లు ఆలోచించాను. భాష మీద కాస్త శ్రద్ధ వున్న ఎవరికైనా అందులోని కిటుకు కనిపిస్తుంది. జనం అభిప్రాయాన్ని 'తెలుసుకుంటారు', 'పరిగణిస్తారు'. దానికి 'కట్టుబడతారు' అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. క్రియలన్నిటికీ కర్త అధికారే. నూటముప్పయ్యేళ్ళు దాటింది. ఈ వాక్యం అనువాదమై, సవరణలు పొంది, కొత్త ప్రభుత్వాల కొత్త నిబంధనల్లోకి చేరింది గాని దాని వ్యాకరణం మారలేదు.

1905-06లో భారత ఎక్సైజు కమిటీ దేశమంతా తిరిగింది. ఆ దరిమిలా పెద్ద పట్టణాల్లో మునిసిపల్ సభ్యులతో కూడిన సలహాసంఘాలు ఏర్పడ్డాయి. దుకాణాల సంఖ్య, స్థలాల మీద అవి సలహా ఇవ్వాలి. పేరులోనే వుంది – సలహా. రాబడి వసూలు చేసే శాఖే లైసెన్సులు కూడా ఇవ్వటం తగదు, ఆ పని వేరొకరికి అప్పగించండి అని మద్యనిరోధవాదులు అడుగుతూ వచ్చారు. పన్ను వసూలు చేసేవాడికి దుకాణాలు తగ్గించాలన్న కోరిక ఎందుకు పుడుతుంది? ఆ కోర్కె నెరవేరలేదు.

తర్వాతి అరవై ఏళ్ళు గబగబా చెప్పుకోవచ్చు. సహాయనిరాకరణ రోజుల్లో ఆంధ్ర జిల్లాల్లో కల్లు దుకాణాల దగ్గర, వేలం పాటల దగ్గర పికెటింగు జరిగింది. 1937 అక్టోబరు 1న రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టింది. మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. పోయిన రాబడిని పూడ్చుకోవటానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. యుద్ధకాలంలో నిషేధం సడలింది. 1948 నాటికి మళ్ళీ రాష్ట్రమంతా వచ్చింది. నిజాం రాష్ట్రంలో మాత్రం ఆబ్కారీ ఖజానాకు పెద్ద దిక్కుగానే కొనసాగింది. ఈ మొత్తం కాలంలో 'వుండాలి' అన్నదీ 'వద్దు' అన్నదీ రాజధానే. పేటకు నోరు రాలేదు.

ఒక్క విషయం దగ్గర కాస్త ఆగాలి. నిషేధం వల్ల గీత కార్మికులు ఉపాధి పోగొట్టుకున్నారు. తాటిచెట్టు తప్ప వేరే ఆధారం లేనివాళ్ళు దొంగతనంగా గీసి జైళ్ళకు వెళ్ళారు. 1954లో గౌతు లచ్చన్న నాయకత్వాన గీత సత్యాగ్రహం జరిగింది. రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తివేయమని సిఫార్సు చేసింది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ సమస్య మీదనే ప్రకాశం పంతులు మంత్రివర్గం 1954 నవంబరు 6న ఒక్క వోటు తేడాతో పడిపోయింది. ఆంధ్ర రాష్ట్రపు తొలి ప్రభుత్వం కూలింది కల్లు మీద! దీన్ని కేవలం చట్టసభ రాజకీయంగా చెప్పటం మన చరిత్రకారులకు అలవాటు. చెట్టు ఎక్కేవాణ్ణి అడగకుండా చెట్టు గురించి చట్టం చేస్తే ఏమవుతుందో చెప్పిన సంఘటనగా దీన్ని చదవాలి. గీత కార్మికుణ్ణీ సారా కంట్రాక్టరునూ ఒకే గాటన కట్టిన నిషేధవాదం పై కులాల, మధ్యతరగతి నిషేధవాదమే.

1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం వచ్చింది. 1970-71లో ఎక్సైజు రాబడి సుమారు 39 కోట్లు. 1991-92 నాటికి అది ఎనిమిది వందల కోట్లు దాటింది. మధ్యలో, 1983-84 ప్రాంతంలో 'వారుణి వాహిని' పథకం వచ్చింది. సారాను ప్యాక్ చేసి ప్రభుత్వమే సరఫరా చేసింది. నాటుసారా తాగి జనం చచ్చిపోకుండా చూడటానికే అన్నారు. పాకెట్టు రూపంలోకి వచ్చాక సారాకు దుకాణం అవసరం కూడా లేకపోయింది; సైకిలు హ్యాండిలుకు తగిలించిన సంచీలో పొలం గట్టుకు వెళ్ళింది, ఇంటి గుమ్మం ముందుకు వచ్చింది. పథకానికి పెట్టిన పేరులోని సంస్కృతాన్ని చూడండి. పాలకులు తాము చేసే పనికి ఇంటి భాషలో పేరు పెట్టటానికి జంకినప్పుడు సంస్కృతం అక్కరకు వస్తుంది.

అక్షరాస్యతా ఉద్యమం 1991లో నెల్లూరు జిల్లాలో పెద్ద ఎత్తున సాగింది. రాత్రి బడుల్లో చదివిన వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం వుంది – తాగుబోతు మొగుడి వల్ల చితికిన సంసారం. కలిగిరి మండలం దూబగుంట స్త్రీలు ఆ పాఠం చదివి, మాట్లాడుకుని, తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. వాళ్ళ ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు తర్వాత రాష్ట్రమంతా తెలిసింది. ఆ తర్వాతి వాచకంలో దూబగుంట కథే 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమైంది. దాన్ని చదివిన ఇతర గ్రామాల స్త్రీలు తమ ఊళ్ళలో దుకాణాలు మూయించారు.

సాహిత్య విద్యార్థులు ఇక్కడ ఆగి చూడాలి. ఒక పాఠం ఒక చర్యకు దారి తీసింది. ఆ చర్య మరో పాఠమైంది. ఆ పాఠం మరిన్ని చర్యలకు దారి తీసింది. సాహిత్యం సమాజాన్ని మార్చగలదా అని మన సభల్లో ఎన్ని తీర్మానాలు చేశామో లెక్కలేదు. ఆ ప్రశ్నకు మన కళ్ళముందే దొరికిన రుజువు ఒక వయోజన విద్యా వాచకంలో వుంటే, అది సాహిత్యం కిందికి రాదనుకుని మనం దాని జోలికి పోలేదు. ఆ పాఠం శిల్పం గురించి నాకు తెలిసి ఒక్క విమర్శ వ్యాసమూ రాలేదు. అందులో సీతమ్మ ఏ ప్రాంతపు మనిషైనా కావచ్చు. చదివేవాళ్ళకు అది తమ కథ అని చెప్పనక్కర లేకపోవటమే దాని బలం.

1992 సెప్టెంబరులో నెల్లూరులో సారా వేలం పాటలు పదే పదే వాయిదా పడ్డాయి. పాట జరిగే చోటికి వేలమంది స్త్రీలు వచ్చారు. గమనించవలసింది వాళ్ళ నినాదం. "మా ఊళ్ళో సారా వద్దు" అన్నారు. ఆ వాక్యంలో 'మా ఊళ్ళో' అన్నమాటకు ఎంత బరువుందో 'సారా'కూ అంతే బరువుంది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఎన్నికలు దగ్గరపడేసరికి నినాదం 'సంపూర్ణ మద్యనిషేధం' అయింది. 1995 జనవరి 16 నుంచి అదీ వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఈ మూడు నాలుగేళ్ళలో జరిగిన మార్పును చాలామంది విజయం, ఆపైన ద్రోహం అని రెండు మాటల్లో చెబుతారు. నాకు వేరే విధంగా కనిపిస్తుంది. ఊరు తన చేతుల్లోకి తీసుకున్న నిర్ణయాన్ని రాష్ట్రం 'మీకోసం మేమే చేస్తాం' అని తీసుకుంది. తీసుకున్నదాన్ని తన అవసరం కొద్దీ రద్దు చేసింది. దూబగుంట స్త్రీల చేతిలో, వాళ్ళ ఊరి దుకాణం విషయంలో, చట్టబద్ధమైన వోటంటూ మిగిలివుంటే 1997 సడలింపు వాళ్ళ గుమ్మం దగ్గర ఆగివుండేది.

పట్టణాల సంగతి దీనికంటె చిక్కు. గ్రామంలో ఊరంతా ఒకటని కనీసం అనుకోవటానికైనా వీలుంది. పట్టణంలో పేట అంటే ఎవరు? సొంత ఇల్లున్నవాళ్ళా, అద్దెకున్నవాళ్ళా, కాలవ గట్టున గుడిసెలు వేసుకున్నవాళ్ళా? హైదరాబాదులో 2004లో కల్లు కాంపౌండ్లు మూసేశారు. కల్తీ కల్లు ప్రాణాలు తీస్తున్నదన్న వాదంలో నిజం లేకపోలేదు. కాని అదే నగరంలో బార్లు తెరిచే వున్నాయి. కూలివాడు తాగే చోటు ఆరోగ్య సమస్య, ఆఫీసరు తాగే చోటు నగరాభివృద్ధి! 2014లో కాంపౌండ్లు మళ్ళీ తెరిచారు. మూసినప్పుడు ఏ బస్తీనీ అడగలేదు, తెరిచినప్పుడూ అడగలేదు.

2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యం దుకాణాలు వుండరాదని తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో పాత లైసెన్సులకు 2017 జూన్ 30 దాకా గడువు దొరికింది. జూలైలో కొత్త లైసెన్సుదారులు రోడ్డు వదిలి లోపలి వీధుల్లో గదులు వెతకటం మొదలుపెట్టారు. వాహన ప్రమాదాలు తగ్గించటానికి వచ్చిన తీర్పు దుకాణాన్ని ఇళ్ళమధ్యకు తోసింది. పట్టణాల్లో అనేకచోట్ల స్త్రీలు ఆ గదుల ముందు బైఠాయించారు. జూలై 11న కోర్టు మునిసిపల్ ప్రాంతాలకు ఆ నిబంధన వర్తించదని వివరణ ఇచ్చినా, అప్పటికే అద్దెకు తీసుకున్న గదులకు బోర్డులు ఎక్కాయి.

మా పట్టణంలో అట్లాంటి ఒక పేటలో జరిగిన సమావేశానికి నేను వెళ్ళాను. విజ్ఞాపన పత్రం రాసే పని సహజంగానే తెలుగు మాస్టారి మీద పడింది. కాలనీ సంఘం కార్యదర్శి, రిటైరైన ఉద్యోగి, మర్యాదస్తుడు, మొదట మాట్లాడాడు. ఆడపిల్లలు ట్యూషన్లకు వెళ్ళే దారి, ఇళ్ళకు అద్దెలు పడిపోతాయి, స్థలాల ధరలు పడిపోతాయి అన్నాడు. చివర్న, దుకాణం పెట్టుకోవాలనుకుంటే వెనక వీధి వుంది కదా అన్నాడు. వెనక వీధి అంటే పారిశుధ్య కార్మికులు వుండే వీధి. అప్పటిదాకా గోడవార నిలబడివున్న ఒకావిడ ముందుకు వచ్చింది.

"సారూ, మా ఈధిలో పెడితే తవరికి కనపడదు. మాకు కనపడద్దా?"

కార్యదర్శి తడబడి, "అట్లా కాదమ్మా, మీవాళ్ళకు దగ్గరగా వుంటుందని..." అన్నాడు.

"దగ్గిరుంటేనే కదండీ మా ఇళ్ళు కాల్తన్నాయి" అన్నదామె.

ఒక గీత కార్మికుడు లేచి, ఇంగ్లీషు మందు దుకాణానికీ తన కల్లు పాకకూ ఒకే అర్జీ రాయవద్దని అడిగాడు. అద్దెకు గది ఇచ్చిన ఇంటాయన, ప్రభుత్వం అమ్ముకోమన్న సరుకు అమ్మటానికి గది ఇస్తే తప్పేమిటన్నాడు. ఆ మాటలో తర్కం లేదని ఎవరూ అనలేకపోయారు. చర్చ రెండు గంటలు సాగింది. విజ్ఞాపనలో 'ఈ పేటలో ఏ వీధిలోనూ వద్దు' అన్న వాక్యం వుండాలని ఆవిడ పట్టుబట్టింది, వుంచాం. సంతకాల్లో సగం వేలిముద్రలు. కొన్ని వారాల తర్వాత కాలనీ వీధిలో తెరవవలసిన దుకాణం వెనక వీధి మలుపులో తెరుచుకుంది.

నిబంధన ఏమీ అతిక్రమించలేదు. బడికీ, గుడికీ, ఆసుపత్రికీ నూరు మీటర్ల దూరం వుండాలన్నారు, వుంది. ఈ నూరు మీటర్లు కొలిచే పద్ధతి చాలా ఆసక్తికరమైనది. గుమ్మం నుంచి గుమ్మానికి, మనిషి మామూలుగా నడిచే దారి వెంట కొలవాలి. గోడకు అవతలే బడి వున్నా, గేటు చుట్టూ తిరిగి వస్తే నూరు దాటవచ్చు. గుడి అంటే దేవాదాయశాఖలో నమోదైన గుడి. వెనక వీధివాళ్ళు కొలిచే నూకాలమ్మ వేపచెట్టు కింద వుంటుంది. ఆమె ఏ రిజిస్టరులోనూ లేదు. అంటే దేవుళ్ళలో కూడా పట్టాలున్నవాళ్ళకే ఈ రక్షణ. ఇల్లు మాత్రం ఈ జాబితాలో లేనే లేదు. బడికి నూరు మీటర్ల దూరం కావాలి గాని, ఆ బడిపిల్ల రాత్రి నిద్రపోయే ఇంటికి అంగుళం దూరం కూడా అక్కర్లేదు.

స్థానికులకు వోటు ఇవ్వాలనే వాదానికి అభ్యంతరాలున్నాయి. అవి తీసిపారేయదగ్గవి కావు. దుకాణం మూస్తే బెల్టుషాపు పుడుతుందంటారు. పుడుతుంది, నిషేధపు రోజుల్లో పొరుగు రాష్ట్రాల నుంచి సరుకు ఎట్లా వచ్చిందో చూశాం. పెత్తందారీ కులాలు గ్రామాల్లో ఈ వోటును దళితవాడల మీద పెత్తనానికి వాడుకుంటాయంటారు, వాడుకోవచ్చు. కాలనీలవాళ్ళు దుకాణాన్ని తమ వీధి నుంచి తోసి బస్తీకి పంపుతారన్నది నా కళ్ళతో నేను చూసిందే. అయితే ఈ మూడోది వోటు వల్ల రాలేదు, వోటు లేకపోవటం వల్ల వచ్చింది. పలుకుబడి వున్న వీధి ఫోన్లు చేసింది, లేని వీధి వేలిముద్రలు వేసింది. ఇద్దరికీ చెరొక వోటు, రహస్యంగా, స్త్రీ పురుషులకు సమానంగా వుంటే వెనక వీధి ఆడవాళ్ళను అడగకుండా ఆ మలుపులో బోర్డు ఎక్కేది కాదు.

ఇది ఊహ కాదు. మహారాష్ట్రలో 2008 నాటి ఉత్తర్వు ప్రకారం గ్రామంలోగాని, పట్టణపు వార్డులోగాని స్త్రీ వోటర్లలో నాలుగోవంతు మంది అర్జీ పెడితే రహస్య వోటింగు జరపాలి. బ్యాలెట్టు మీద రెండు గుర్తులు: నిలబడిన సీసా, పడుకున్న సీసా. అక్షరం రానివాళ్ళకు కూడా అర్థమయ్యే గుర్తులు. పడుకున్న సీసా నెగ్గితే దుకాణం మూయాలి. అన్నిచోట్లా నెగ్గదు, నెగ్గాలని నియమమూ లేదు. అడగటమంటూ జరుగుతుంది.

మన చట్టాల్లో ఈ హక్కు అసలు లేదనీ కాదు. 1996లో పార్లమెంటు షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టం చేసింది. 1998లో మన రాష్ట్రం దానికి అనుగుణంగా చట్టం చేసింది. మత్తుపదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం అక్కడి స్థానిక సంస్థలకు, గ్రామసభలకు వుండాలని అది చెబుతుంది. ఆచరణలో ఆ అధికారాన్ని ఏమేరకు వాడుకోనిస్తున్నారన్నది వేరే వ్యాసం కావాలి. కాగితం మీదనైనా, రంప మన్యంలోని ఒక గూడేనికి వున్న హక్కు విశాఖపట్నంలోని ఒక వార్డుకు లేదు. 74వ సవరణ మునిసిపాలిటీలకు అప్పగించదగిన పద్ధెనిమిది అంశాలను పన్నెండో షెడ్యూలులో పేర్కొన్నది. శ్మశానాలున్నాయి, బందెల దొడ్లున్నాయి, కబేళాలున్నాయి, వీధిదీపాలున్నాయి. మద్యం దుకాణం లేదు.

2019 అక్టోబరు నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దుకాణాలను తానే నడిపింది. 4,380 దుకాణాలను 3,500కు తగ్గించింది. 2024 అక్టోబరులో మరో ప్రభుత్వం 3,396 దుకాణాలను లాటరీ తీసి ప్రైవేటువాళ్ళకు ఇచ్చింది. ఒక్కో దరఖాస్తుకు తిరిగి ఇవ్వని రుసుము రెండు లక్షలు. దాదాపు తొంభై వేల దరఖాస్తులు వచ్చాయి. సీసా ఒక్కటి కూడా అమ్మకముందే, చీటీలు తీసినందుకే, సుమారు 1,800 కోట్లు ఖజానాకు చేరాయి. ఆ 3,396 చోట్లలో ఏ ఒక్క దాని గురించీ అక్కడి పేటలో వోటు పెట్టలేదు.